ఆదివాసీల మాటకు మూల్యాంకనంలో చోటు: నాలుగు మార్గాల్లో దేన్ని ఎంచుకోవాలి?

అభివృద్ధి కార్యక్రమాలకు డబ్బిచ్చే సంస్థలు, ఆ కార్యక్రమం ఎంత ఫలించిందో చూసి తేల్చే మూల్యాంకన బృందానికి ఇచ్చే నిబంధనల పత్రాల్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది: ఆదివాసీల దృక్పథాలను పరిగణనలోకి తీసుకోవాలి. వాక్యం మంచిదే. అయితే నలుగురు పెద్దలతో ఒక మధ్యాహ్నం మాట్లాడి వచ్చినా అది నెరవేరిందని రాసుకోవచ్చు. సముదాయమే తన కొలమానాలను తయారు చేసుకుని రెండేళ్లపాటు తానే కొలుచుకున్నా నెరవేరిందని రాసుకోవచ్చు. ఈ రెండు కొసల మధ్య స్థూలంగా నాలుగు మార్గాలు వాడుకలో ఉన్నాయి. మూల్యాంకనం చేయించే సంస్థకు, చేసే నిపుణులకు, తమ ఊరికి వచ్చిన బృందాన్ని ఏమి అడగాలో తెలుసుకోవాలనుకునే సముదాయ ప్రతినిధులకు ఉపయోగపడేలా వాటిని ఇక్కడ పోల్చి చూస్తున్నాను. వాటి మధ్య అసలు తేడా సర్వేనా, కథనమా, సభా అన్న దాంట్లో లేదని ముందే చెప్పడం మంచిది. కార్యక్రమం ఫలించిందన్న మాటకు అర్థం ఎవరు నిర్ణయిస్తారు, ఆ నిర్ణయం చివరికి ఎవరి చేతిలో ఉంటుంది అన్న చోటే అవి విడిపోతాయి.

ఇది దయతలచి ఇచ్చే అవకాశం అనుకోవడం కూడా పొరపాటు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1989లో ఆమోదించిన 169వ ఒప్పందం, ఆదివాసీలను నేరుగా ప్రభావితం చేసే అభివృద్ధి ప్రణాళికల రూపకల్పనలోను, అమలులోను, మూల్యాంకనంలోను వారు పాల్గొనాలని 7వ అధికరణంలో స్పష్టంగా చెప్పింది. మూల్యాంకనం అన్న మాట అందులో విడిగా ఉంది. 2007లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆదివాసీల హక్కుల ప్రకటనను 144 దేశాల మద్దతుతో ఆమోదించింది. అభివృద్ధి ప్రాధాన్యాలను తామే నిర్ణయించుకునే హక్కు అందులో 23వ అధికరణం. ఆ రోజు వ్యతిరేకంగా ఓటు వేసిన నాలుగు దేశాలు ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, అమెరికా. తర్వాత అవన్నీ వైఖరి మార్చుకున్నాయి. విచిత్రమేమిటంటే, ఆదివాసీలు తమకు తాముగా మూల్యాంకన పద్ధతులను అత్యంత బలంగా నిర్మించుకున్నదీ ఆ నాలుగు దేశాల్లోనే. ప్రభుత్వాలు వద్దన్న చోటే ఆ అవసరం ఎక్కువగా తెలిసివచ్చిందేమో.

ఇక కొలమానాల సంగతి. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థకు చెందిన అభివృద్ధి సహాయ సంఘం 1991లో ఐదు ప్రాతిపదికలను ముందుకు తెచ్చింది: కార్యక్రమం అవసరానికి తగినదా, అనుకున్నది సాధించిందా, తక్కువ వనరులతో సాధించిందా, దాని ప్రభావం ఏమిటి, ఫలితం నిలిచి ఉంటుందా. 2019లో పొందిక, అంటే ఇతర కార్యక్రమాలతో అది ఎంతవరకు కలిసి నడుస్తోంది, అన్న ఆరోదాన్ని చేర్చింది. ఈ ప్రశ్నలను తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయితే అవి ఎవరి వైపు నుంచి అడుగుతున్నామో చెప్పవు. పోడు వ్యవసాయం చేసే సముదాయాన్ని స్థిర వ్యవసాయంలోకి మార్చే పథకం ఒకటి ఉందనుకుందాం. ఎన్ని హెక్టార్లు స్థిర సాగులోకి వచ్చాయన్నది పథకం లెక్క. అదే సముదాయంలో ఒక వృద్ధురాలిని అడిగితే, ఇంట్లో దాచుకునే విత్తన రకాలు ఎన్ని మిగిలాయి, ఆకలి నెలల్లో అడవి నుంచి తిండి దొరికిందా, పిల్లలు ఆ మొక్కల పేర్లు చెప్పగలరా అని ఆమె లెక్కించవచ్చు. రెండు లెక్కలూ నిజమే కావచ్చు. మొదటిది పెరుగుతున్న కొద్దీ రెండోది తరిగిపోవడమూ నిజమే కావచ్చు. కింద చెప్పే నాలుగు మార్గాల్లో ఆ వృద్ధురాలి లెక్క ఎక్కడికి చేరుతుందో గమనిస్తే తేడా తెలిసిపోతుంది.

మొదటి మార్గం: సంప్రదింపు

బయటి బృందం, బయటి ప్రాతిపదికలు, బయటి నివేదిక. మధ్యలో ఆదివాసీలతో ఇంటర్వ్యూలు, బృంద చర్చలు, అప్పుడప్పుడు ఒక సలహా సంఘం. ఎక్కువగా జరిగేది ఇదే. ఖర్చు తక్కువ, కొద్ది వారాల్లో పూర్తవుతుంది, పది ప్రాంతాల ఫలితాలను ఒక పట్టికలో పెట్టి పోల్చడం సులువు, ఆడిటర్లకు అలవాటైన రూపంలో ఉంటుంది. ఆ వృద్ధురాలి లెక్క ఇందులో అనుబంధంలోని ఒక ఉల్లేఖనంగా మిగులుతుంది. ప్రశ్న ముందే తయారై వచ్చింది కాబట్టి ఆమె జవాబు ఆ ప్రశ్నకు సరిపడినంత వరకే లోపలికి వస్తుంది.

అయినా ఈ మార్గాన్ని తూతూమంత్రమని కొట్టిపారేయడం న్యాయం కాదు, ఎందుకంటే వినడం ఎంత లోతుగా సాగగలదో చూపిన ఉదాహరణ ఒకటుంది. కెనడా ఉత్తర ప్రాంతంలో మెకెంజీ లోయ గుండా గ్యాస్ పైపులైను వేయాలన్న ప్రతిపాదనపై 1974లో న్యాయమూర్తి థామస్ బెర్గర్ నేతృత్వంలో విచారణ ఏర్పాటైంది. అది జరిగిపోయిన కార్యక్రమానికి చేసిన మూల్యాంకనం కాదు, ముందుగా చేసిన అంచనా. కాని పాఠం అదే. ఆయన 35 ఊళ్లకు వెళ్లి, దాదాపు వెయ్యి మంది చెప్పింది వారి వారి భాషల్లోనే విన్నారు. కంపెనీల నిపుణులతో సమానంగా తమ వాదన సిద్ధం చేసుకునేందుకు ఆదివాసీ సంస్థలకు నిధులు అందాయి. 1977 నివేదికలో ఆయన ఉత్తర యూకాన్ గుండా పైపులైను అసలే వద్దన్నారు. మెకెంజీ లోయలో భూమి హక్కులు తేలేవరకు పదేళ్లు ఆగమన్నారు. ఆ తర్వాత 1992లో సర్దార్ సరోవర్ ఆనకట్టపై ప్రపంచ బ్యాంకు వేయించిన స్వతంత్ర సమీక్షలో బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్‌తో కలిసి పనిచేసింది కూడా ఈ బెర్గరే. ఆ సమీక్ష ఈ ప్రాజెక్టు నుంచి ఒక అడుగు వెనక్కి వేయమని బ్యాంకుకు చెప్పింది. 1993లో మిగిలిన రుణం రద్దయింది.

అంటే సంప్రదింపు బలహీనమైనదా కాదా అన్నది మూడు విషయాలను బట్టి ఉంటుంది: నిర్ణయం ఇంకా జరగకముందే వింటున్నామా, వారి చోటికి వెళ్లి వారి భాషలో వింటున్నామా, సిద్ధం కావడానికి వారికి డబ్బు, సమయం ఇస్తున్నామా. మూడూ లేనప్పుడు బృంద చర్చలో మౌనం వస్తుంది. ఇంటికి వచ్చిన అతిథి మాటను ఎదురుగా కాదనడం మర్యాద కాదని భావించే సముదాయాలు ఎన్నో ఉన్నాయి. ఆ మౌనాన్ని నివేదికలో సమ్మతిగా రాసుకోవడం సంప్రదింపులో జరిగే అతి సాధారణమైన తప్పు. దుబాసీగా ప్రాజెక్టు సిబ్బందినే వాడుకోవడం రెండో తప్పు.

రెండో మార్గం: మార్పు కథలు

1990ల మధ్యలో రిక్ డేవీస్ బంగ్లాదేశ్‌లోని ఒక గ్రామీణాభివృద్ధి కార్యక్రమం కోసం రూపొందించిన 'అత్యంత ముఖ్యమైన మార్పు' పద్ధతి ఈ కోవలో ప్రసిద్ధం. ఇందులో ముందుగా రాసిపెట్టుకున్న సూచికలు ఉండవు. గత కొన్ని నెలల్లో నీ ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఏమిటి, అది ఎందుకు ముఖ్యం అని అడిగి కథలు సేకరిస్తారు. ఒక్కో స్థాయిలో కూర్చున్నవారు వాటిలో కొన్నింటిని ఎంచి, ఎందుకు ఎంచారో రాసి పై స్థాయికి పంపుతారు. పైవారు ఏది ఎంచారో, ఎందుకో కిందివారికి తిరిగి తెలియజేస్తారు.

మాట ద్వారా జ్ఞానాన్ని తరం నుంచి తరానికి అందించే సముదాయాలకు ఇది ప్రశ్నావళి కంటే సహజంగా ఉంటుంది. విత్తనాలు తగ్గిపోయాయన్న మాట, ఎవరూ అడగకపోయినా, పైకి రాగలిగేది ఇక్కడే. అయితే వడపోత ఎవరి చేతిలో ఉందో చూడాలి. కథలు ఊరివి, ఎంపిక రాజధానిలోని కార్యాలయానిది అయితే, చివరికి పైకి తేలేది దాతకు నచ్చే కథే. మంచి మార్పులను చెప్పమన్నట్లు జనం అర్థం చేసుకోవడం వల్ల చెడు మార్పులు రాలిపోతాయి కాబట్టి వాటిని విడిగా అడగాలి. ఎంతమందికి మేలు జరిగిందో ఈ పద్ధతి చెప్పదు. దీనిని ఒంటరిగా కాక, మిగతా మార్గాల్లో దేనికైనా తోడుగా వాడమనే నా సలహా.

మూడో మార్గం: రెండు కళ్లతో చూడటం

కెనడాలోని మిక్మా జాతి పెద్దలు ఆల్బర్ట్ మార్షల్, ముర్డీనా మార్షల్ దంపతులు 2004లో 'ఎటువాప్ట్‌ముమ్క్' అన్న తమ భాషా పదంతో ఒక మార్గదర్శక భావాన్ని ముందుకు తెచ్చారు. ఒక కంటితో ఆదివాసీ జ్ఞానపు బలాన్ని, రెండో కంటితో ఆధునిక శాస్త్రపు బలాన్ని చూస్తూ, రెండు కళ్లనూ అందరి మేలు కోసం కలిపి వాడాలన్నది దాని సారం. ఒకదానిని రెండోదానిలో కరిగించడం కాదు. మూల్యాంకనానికి దీన్ని అన్వయిస్తే బృందానికి ఇద్దరు నాయకులు ఉంటారు, రెండు రకాల ప్రాతిపదికలు ఉంటాయి, రెండూ ఒకే మాట చెప్పని చోట ఆ భేదాన్ని నివేదికలో అలాగే ఉంచుతారు. స్థిర సాగు హెక్టార్లూ మిగిలిన విత్తన రకాలూ పక్కపక్కనే, ఒకే పరిమాణపు అక్షరాల్లో ఉంటాయి.

పేరు అందంగా ఉండటం వల్ల దుర్వినియోగం కూడా ఇక్కడే ఎక్కువ. సంతకం చేసే అధికారం, బడ్జెట్ మీద పట్టు, నివేదిక చివరి ముసాయిదా బయటి నాయకుడి చేతిలోనే ఉండి, ఆదివాసీ సహనాయకుడు సభలు ఏర్పాటు చేయడానికి మాత్రమే పరిమితమైతే అది మొదటి మార్గానికి కొత్త చొక్కా తొడిగినట్లే. పరీక్షించడానికి తేలికైన ఉపాయం ఉంది: ఇద్దరి రోజువారీ ఫీజు ఒకటేనా అని అడగండి. భేదాభిప్రాయం వస్తే ఎవరి మాట నెగ్గుతుందో ఒప్పందంలో రాసి ఉందా అని అడగండి. ఖర్చు మాత్రం తప్పదు. పరిచయాలకే నెలలు పడతాయి, ప్రతి ముఖ్యమైన పత్రమూ రెండు భాషల్లో తయారు కావాలి, సముదాయపు పనుల కాలాన్ని బట్టి పర్యటనలు మారాలి.

ఆస్ట్రేలియా ఉత్పాదకత కమిషన్ 2020లో ప్రభుత్వ సంస్థల కోసం రూపొందించిన ఆదివాసీ మూల్యాంకన వ్యూహం ఈ దిశలోనిదే. ఆదిమ ఆస్ట్రేలియన్ల, టోరెస్ జలసంధి ద్వీపవాసుల దృక్పథాలను, ప్రాధాన్యాలను, జ్ఞానాన్ని కేంద్రంలో ఉంచాలన్నది దాని ప్రధాన సూత్రం. విశ్వసనీయత, ఉపయోగం, నైతికత, పారదర్శకత దాని చుట్టూ ఉండే సూత్రాలు.

నాలుగో మార్గం: సముదాయమే నడిపే మూల్యాంకనం

ఇక్కడ ప్రశ్న, ప్రాతిపదిక, పద్ధతి, తీర్పు అన్నీ సముదాయానివే. బయటి నిపుణుడు ఉంటే పిలిస్తే వచ్చిన సహాయకుడిగానే ఉంటాడు. న్యూజిలాండ్‌లో మావోరీలు అభివృద్ధి చేసుకున్న కౌపాపా మావోరీ దృక్పథం ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ. మావోరీ భాష, విలువలు, స్వయంనిర్ణయం అందులో సర్దుబాట్లు కావు, పునాదులు. ఆరోగ్యాన్నే తీసుకుంటే, మేసన్ డ్యూరీ 1984లో ప్రతిపాదించిన 'తే ఫారే తపా ఫా' నమూనా దానిని నాలుగు గోడల ఇల్లుగా చూపుతుంది: శరీరం, మనసు, ఆత్మ, కుటుంబం. ఒక గోడ కూలితే ఇల్లు నిలవదు. ఈ కొలతతో చూస్తే, రక్తపోటు అంకెలు బాగుపడి కుటుంబ బంధాలు తెగిపోయిన కార్యక్రమం సగం విజయం కూడా కాకపోవచ్చు.

అమెరికాలో ఆదివాసీ కళాశాలల కూటమి అయిన అమెరికన్ ఇండియన్ హయ్యర్ ఎడ్యుకేషన్ కన్సార్షియం రూపొందించిన చట్రం మరో ఉదాహరణ. నేలతో అనుబంధం, సముదాయం, కుటుంబం, ప్రతి వ్యక్తికీ ఉన్న ప్రత్యేక ప్రతిభను గుర్తించడం, సార్వభౌమత్వం అన్న విలువలపై అది నిలబడింది. కార్యక్రమం ఏ తర్కంతో నడుస్తుందో చూపే బాణాల పటం స్థానంలో, కార్యక్రమపు కథను సృష్టించడంతో అది మొదలవుతుంది.

ఈ మార్గంపై వచ్చే మొదటి అభ్యంతరం నిష్పాక్షికత గురించి: తమ కార్యక్రమాన్ని తామే కొలుచుకుంటే మెచ్చుకోరా? ప్రాజెక్టు చేపట్టిన సంస్థే నియమించి ఫీజు చెల్లించే కన్సల్టెంట్‌ను ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. పైగా తమ మీద జరిగిన కార్యక్రమం విఫలమైతే నష్టపోయేది తామే కాబట్టి, సముదాయానికి నిజం తెలుసుకునే అవసరం దాత కంటే ఎక్కువ. నాకు మరింత బరువైనదిగా కనిపించే అభ్యంతరం వేరు. సముదాయం అంటే ఒకే గొంతు కాదు. పెద్దల మండలి నిర్ణయించిన ప్రాతిపదికల్లో స్త్రీల మాట, యువకుల మాట, అదే ప్రాంతంలో ఉండే చిన్న తెగల మాట లేకపోవచ్చు. బయటి బృందం చేతిలోని అధికారాన్ని లోపలి పెద్దల చేతిలో పెట్టినంత మాత్రాన ప్రశ్న తీరదు. దానికి జవాబు బయటివారు పెత్తనం తిరిగి తీసుకోవడం కాదు. ఎవరెవరు విడిగా కూర్చుని మాట్లాడుకోవాలో సముదాయమే ముందుగా నిర్ణయించుకుని, ఆ ఏర్పాటును బహిరంగంగా ప్రకటించడం.

ఏ మార్గమైనా తప్పించుకోలేనిది: సమాచారం ఎవరిది?

అరిజోనాలో హవసుపాయి తెగవారు మధుమేహ పరిశోధన కోసమని నమ్మి రక్త నమూనాలు ఇచ్చారు. వాటిని మనోవ్యాధుల మీద, తెగ పూర్వీకుల వలసల మీద పరిశోధనలకూ వాడారని తర్వాత తెలిసింది. 2010లో రాజీ కుదిరి 7 లక్షల డాలర్లు చెల్లించారు, నమూనాలు తిరిగి ఇచ్చారు. మూల్యాంకనంలో రక్తం తీయకపోవచ్చు. కాని పవిత్ర స్థలాల పటాలు, ఔషధ మొక్కల పేర్లు, అప్పుల వివరాలు తీసుకుంటాం. ఒక్కో వ్యక్తి సంతకం చేసినా, అది సముదాయం మొత్తానికి చెందిన జ్ఞానమైతే ఆ సంతకం చాలదు.

ఈ విషయంలో కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. ఫస్ట్ నేషన్స్ అని పిలిచే కెనడా ఆదివాసీ జాతులు 1998 నుంచి తమ సమాచారంపై యాజమాన్యం, నియంత్రణ, అందుబాటు, స్వాధీనం అన్న నాలుగు సూత్రాలను పాటించమని కోరుతున్నాయి. ఆదివాసీల సమాచార నిర్వహణ కోసం 2019లో వచ్చిన కేర్ సూత్రాలు సామూహిక ప్రయోజనం, నియంత్రించే అధికారం, బాధ్యత, నైతికత అంటున్నాయి. దక్షిణాఫ్రికాలోని శాన్ ప్రజలు 2017లో తమవద్దకు వచ్చే పరిశోధకుల కోసం తామే ఒక నైతిక నియమావళి ప్రకటించారు. మొదటి మార్గాన్ని ఎంచుకున్న సంస్థకు కూడా ఈ సూత్రాలు వర్తిస్తాయి. అధికారం పంచుకోలేకపోయినా, సమాచారాన్ని తిరిగి ఇవ్వడానికి ఏ అడ్డంకీ ఉండదు.

మరి దేన్ని ఎంచుకోవాలి?

కార్యక్రమం దేన్ని తాకుతోందో మొదట చూడండి. 2018 నుంచి అమలులో ఉన్న ప్రపంచ బ్యాంకు ఏడో పర్యావరణ, సామాజిక ప్రమాణం మూడు సందర్భాల్లో ఆదివాసీల స్వేచ్ఛాయుత, ముందస్తు, సమాచారపూర్వక సమ్మతి తప్పనిసరి అంటుంది: వారి సంప్రదాయ భూమి, ప్రకృతి వనరులపై ప్రతికూల ప్రభావం పడినప్పుడు, వారిని వేరే చోటికి తరలించినప్పుడు, వారి సాంస్కృతిక వారసత్వంపై గణనీయమైన ప్రభావం పడినప్పుడు. ఈ మూడింటినే మూల్యాంకనానికీ గీతగా వాడుకోమని నా సూచన. సమ్మతి లేకుండా మొదలుపెట్టకూడని పనిని, వారు పెట్టిన కొలమానం లేకుండా విజయవంతమని ప్రకటించడం పొసగదు. అలాంటి చోట మూడో మార్గం కనీసం, నాలుగోది మేలు. భాష, పిల్లల పెంపకం, బడి చదువు కూడా ఈ గీతకు లోపలే ఉండాలని నేను భావిస్తాను, ఏ ప్రమాణంలో రాసి ఉన్నా లేకపోయినా. టీకాల సరఫరా గొలుసు, రోడ్డు నాణ్యత వంటివి తాకే కార్యక్రమానికి, మంచి దుబాసీలతో, తగిన సమయంతో జరిగే సంప్రదింపు సరిపోతుంది.

తర్వాత, సంస్థ నిజంగా ఎంత వదులుకోగలదో చూసుకోవాలి. ఇది ఇబ్బందికరమైన ప్రశ్న కాబట్టి ఎవరూ అడగరు. ముసాయిదాను మార్చే అధికారం సముదాయానికి ఇవ్వలేమని తెలిసీ సహనాయకత్వం అని పిలవడం కన్నా, మేము వినడానికి మాత్రమే వచ్చాము, తీర్పు మాది అని నిజాయితీగా చెప్పి సంప్రదింపు చేయడం గౌరవప్రదం. మాట తప్పిన భాగస్వామ్యం ఆ బృందంతో ఆగదు, దాని తర్వాత వచ్చే నాలుగు బృందాలకూ తలుపు మూసివేస్తుంది. సమయం ఆరు వారాలే ఉండి, కార్యక్రమం ఇప్పటికే ముగిసిపోయి ఉంటే మూడో, నాలుగో మార్గాల జోలికి పోవద్దు. కార్యక్రమం ఇంకా మొదలు కాకపోతే మాత్రం ఆ సాకు చెల్లదు. మొదటి ఏడాదే ప్రాతిపదికల మీద చర్చ మొదలుపెట్టడానికి డబ్బు కాదు, ఆలోచన కావాలి.

అంకెలు కావాలన్న దాతలకు ఒక మాట. లబ్ధి పొందిన ఇళ్లను, పొందని ఇళ్లను యాదృచ్ఛికంగా విడదీసి పోల్చే పద్ధతి, వచ్చినదాన్ని పంచుకోవడం ధర్మంగా ఉన్న సముదాయాల్లో తడబడుతుంది. ఒక ఇంటికి ఇచ్చిన ధాన్యం సాయంత్రానికి నాలుగు ఇళ్లలో ఉడుకుతుంది; పోలికకు పక్కన పెట్టిన ఇల్లు ఆ నాలుగింటిలో ఒకటి కావచ్చు. అప్పుడు కార్యక్రమానికి ప్రభావం లేదని లెక్క తేలుతుంది. కొలిచే ప్రమాణం ఇల్లా, వంశమా, ఊరా అన్నది నిపుణుడి గదిలో తేలే విషయం కాదని దీని వల్లనే అర్థమవుతుంది. నాలుగో మార్గం అంకెలకు శత్రువు కూడా కాదు. ఏమి లెక్కపెట్టాలో వారు చెబితే, ఎలా లెక్కపెట్టాలో గణాంక నిపుణుడు సాయపడవచ్చు.

ఐదో అవకాశం ఒకటుంది, దాన్ని ఏ నిబంధనల పత్రమూ చెప్పదు. సముదాయం అసలు మూల్యాంకనమే వద్దనవచ్చు. అడిగిన ప్రశ్నలే మళ్లీ మళ్లీ అడిగించుకుని విసిగిపోయి ఉండవచ్చు, లేదా పోయిన ఏడాది వచ్చిన బృందం నివేదిక ఇంతవరకు చేరకపోయి ఉండవచ్చు. స్వేచ్ఛగా అవుననే హక్కు ఉన్నప్పుడు కాదనే హక్కు కూడా అందులోనే ఉంది. అలాంటప్పుడు ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, వారు చెప్పడానికి ఇష్టపడితే ఏ కారణం చెప్పారు అన్నది ఒక పేజీలో రాసి సమర్పించాలి. అది కూడా కార్యక్రమం గురించిన సమాచారమే. అలా జరిగిన పక్షంలో బృందానికి అప్పటివరకు పడిన ఖర్చు ఎవరు భరిస్తారో, మిగిలిన డబ్బు దేనికి వెళుతుందో ఒప్పందంలో ముందే రాసి ఉంటే ఆ నిరాకరణ ఒత్తిడి లేకుండా జరుగుతుంది. రాసి లేకపోతే, బృందం తన ఫీజు కోసం ఊరిని ఒప్పించే పనిలో పడుతుంది.